ఆరు వందల డాలర్లు, నలుగురు స్నేహితులు

(ఇంటర్, డిగ్రీ విద్యార్థుల సంగీత శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పంక్ అనే వేగవంతమైన రాక్ సంగీతం గురించి మాట్లాడమని నిర్వాహకులు నన్ను పిలిచారు. పంక్ చరిత్ర మొత్తం చెప్పాలంటే ఒక పూట చాలదు. అందులో సగం మీరు ఇప్పటికే విని ఉంటారు. అందుకే నేను ఒక్క ఊరికే పరిమితమవుతాను. ఆ ఊరు వాషింగ్టన్. కాలం 1979 నుంచి 1983 దాకా. అక్కడ కొందరు స్కూలు పిల్లలు బ్యాండు పెట్టుకున్నారు, పోట్లాడుకున్నారు, విడిపోయారు, మళ్లీ కలిశారు, మళ్లీ విడిపోయారు. ఇందులో వింతేమీ లేదు, ఏ ఊళ్లో చూసినా ఇదే జరుగుతుంది. కానీ విడిపోయిన ప్రతిసారీ వాళ్లు ఒక పని చేశారు. ఆ పనంటే నాకు ఎంతో గౌరవం. మీలో చాలామంది స్నేహితులతో కలిసి వాయిస్తున్నారు కాబట్టి దాని గురించి మీకు చెప్పాలని వచ్చాను.

ముందుగా కొంచెం నేపథ్యం. 1976 ఏప్రిల్‌లో న్యూయార్క్ బృందం రామోన్స్ మొదటి ఆల్బమ్ విడుదలైంది. మొత్తం పద్నాలుగు పాటలు, అన్నీ కలిపినా అరగంట లేదు. అదే ఏడాది చివర లండన్ నుంచి సెక్స్ పిస్టల్స్ మొదటి రికార్డు వచ్చింది. అప్పటికి రాక్ సంగీతమంటే స్టేడియాలు, ఖరీదైన వాద్యాలు, ఏళ్ల తరబడి సాధన చేస్తే తప్ప చేతికి అందని గిటారు సోలోలు. గిటారు మీద మూడు కార్డులు, అంటే మూడు స్వరాల కూర్పులు పట్టడం వస్తే వేదిక ఎక్కవచ్చని పంక్ చెప్పింది. ఆ మాట ఎక్కువగా తగిలింది పదహారేళ్ల వాళ్లకే. ఎందుకంటే అప్పటివరకు వాళ్లకు దక్కిన చోటు ప్రేక్షకుల్లోనే.

వాషింగ్టన్ అధికారుల ఊరు. న్యూయార్క్‌లోలాగా, లాస్ ఏంజెలెస్‌లోలాగా పెద్ద రికార్డు కంపెనీలు అక్కడ లేవు. 1979 ఫిబ్రవరిలో జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయంలో, అక్కడి విద్యార్థి రేడియో కేంద్రానికి మద్దతుగా క్రాంప్స్ అనే బృందం కచేరీ చేసింది. విన్నవాళ్లలో పదహారేళ్ల ఇయన్ మెకై ఉన్నాడు. ఆ ఊళ్లోనే బ్యాడ్ బ్రెయిన్స్ అనే నల్లజాతి యువకుల బృందం ఉండేది. జాజ్‌ను రాక్‌తో కలిపే జాజ్ ఫ్యూజన్ వాయించిన చేతులు కావడంతో పంక్‌ను అప్పటిదాకా ఎవరూ వాయించనంత వేగంగా, అంత శుభ్రంగా వాయించేవారు. వాళ్లను చూశాక ఈ పిల్లలకు ఇళ్లలో కాలు నిలవలేదు.

మెకై, జెఫ్ నెల్సన్ విల్సన్ హైస్కూల్లో కలిశారు. ఒకరిది బేస్ గిటారు, మరొకరిది డ్రమ్స్. మొదట స్లింకీస్ అనే చిన్న బృందం పెట్టారు. పాడే అబ్బాయి కాలేజీకి వెళ్లిపోవడంతో అది ఆగిపోయింది. అతని స్థానంలోకి నేథన్ స్ట్రెజ్‌చెక్ వచ్చాడు. గిటారు జార్డీ గ్రిండిల్‌ది. ఈ నలుగురూ కలిస్తే టీన్ ఐడిల్స్. ఏడాదికి పైగా వాయించారు. 1980 వేసవిలో బస్సెక్కి అమెరికా ఈ చివరి నుంచి ఆ చివరికి, కాలిఫోర్నియా దాకా వెళ్లారు. సామాన్లు మోయడానికి తోడుగా వెళ్లిన వాళ్లలో మెకైకి చిన్ననాటి నుంచి స్నేహితుడైన హెన్రీ గార్ఫీల్డ్ ఒకడు. ఆ తర్వాత ప్రపంచం అతన్ని గాయకుడు హెన్రీ రోలిన్స్‌గా తెలుసుకుంది.

శాన్ ఫ్రాన్సిస్కోలో మబూహే గార్డెన్స్ అనే చోట వాయించబోతే, మీకు వయసు చాలదు, లోపల మద్యం అమ్ముతాం అని యాజమాన్యం అభ్యంతరం చెప్పింది. చివరికి ఒక మార్గం దొరికింది. చేతుల వెనక నల్ల మార్కర్‌తో పెద్ద ఇంటూ గుర్తు గీశారు. ఆ గుర్తున్న చేతికి మద్యం పోయకూడదు. పిల్లలు ఆ ఆలోచనను వాషింగ్టన్‌కు తెచ్చారు. 9:30 క్లబ్బు వాళ్ల దగ్గరకు వెళ్లి, ఇలా గుర్తు పెట్టి మమ్మల్ని లోపలికి రానివ్వండి, తాగుతూ దొరికితే మళ్లీ ఎప్పుడూ రానివ్వకండి అని అడిగారు. క్లబ్బు ఒప్పుకుంది. ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. పదిహేడు, పద్దెనిమిదేళ్ల వాళ్లు ఒక వ్యాపారం దగ్గరకు వెళ్లి, తమ మీద తామే షరతు పెట్టుకుని, తమ ఈడు వాళ్లందరికీ సంగీతం వినే హక్కు సంపాదించారు. స్నేహితులు గుంపుగా చేయగలిగిన పనుల్లో ఇంత చక్కనివి ఎక్కువ ఉండవు.

తిరిగొచ్చిన కొన్ని నెలలకే బృందం పగిలింది. గిటారు వాయించే గ్రిండిల్‌కూ డ్రమ్స్ వాయించే నెల్సన్‌కూ పొసగలేదు. గ్రిండిల్ తప్పుకుంటానన్నాడు. 1980 నవంబరులో 9:30 క్లబ్బులో చివరి కచేరీ చేశారు.

అప్పుడు వాళ్ల దగ్గర సుమారు ఆరు వందల డాలర్లు ఉన్నాయి. కచేరీలకు వచ్చిన డబ్బు ఎవరూ జేబులో వేసుకోకుండా ఒక పెట్టెలో దాచారు. నలుగురూ పంచుకుంటే తలా నూట యాభై. బ్యాండు పోయింది, లెక్క తేల్చేద్దాం అనడానికి అంతకంటే మంచి సమయం ఉండదు. పైగా ఇద్దరికి పడడం లేదు. అలాంటప్పుడు వాళ్లు ఆ డబ్బు మొత్తం పెట్టి రికార్డు వేయాలని నిర్ణయించుకున్నారు. అంటే అప్పటికే లేని బ్యాండు రికార్డు. అమ్ముడవుతుందన్న భరోసా లేదు, ప్రచారం చేయడానికి కచేరీలు లేవు. అయినా మనం నలుగురం కలిసి చేసింది ఇది, ఇది మిగలాలి అనుకున్నారు.

పాటలు అంతకుముందే ఆర్లింగ్టన్‌లో డాన్ జియెంటారా అనే ఆయన తన ఇంట్లో నడిపే ఇన్నర్ ఇయర్ స్టూడియోలో రికార్డయి ఉన్నాయి. రాక్‌విల్‌లో రికార్డుల దుకాణం నడిపే స్కిప్ గ్రాఫ్ దారి చూపించాడు. ఎనిమిది పాటలు, వెయ్యి కాపీలు. అట్టలు తయారు చేయించడానికి డబ్బు చాలలేదు. ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఒక చిన్న రికార్డు అట్టను జాగ్రత్తగా విప్పి, పరిచి, ఏ మడత ఎక్కడ వస్తుందో చూసుకున్నారు. ఆ కొలతకు కాగితాలు అచ్చు వేయించి, కత్తెరలతో కత్తిరించి, మడిచి, జిగురు పెట్టి అంటించారు. ఒక్కొక్కటీ చేత్తోనే. స్నేహితులు కూడా వచ్చి కూర్చున్నారు. అట్ట మీద ఇంటూ గుర్తులున్న రెండు చేతులు ఒకదానిపై ఒకటి పెట్టిన ఫోటో ఉంటుంది. ఆ చేతులు మెకై తమ్ముడు అలెక్‌వి.

ఆ రికార్డు కోసం మెకై, నెల్సన్, స్ట్రెజ్‌చెక్ కలిసి పెట్టిన సంస్థే డిస్‌కార్డ్ రికార్డ్స్. ఈ రికార్డు డబ్బు తిరిగొస్తే దాంతో మరో స్నేహితుల బృందం రికార్డు వేయాలి, అది అమ్ముడైతే ఇంకొకరిది. 1981లో అలాగే గార్ఫీల్డ్ బృందం స్టేట్ ఆఫ్ అలర్ట్, మైనర్ థ్రెట్, గవర్నమెంట్ ఇష్యూ, యూత్ బ్రిగేడ్ అనే బృందాల రికార్డులు వరసగా వచ్చాయి. ఒక బృందం విరిగిన డబ్బుతో నాలుగు బృందాలు నిలబడ్డాయి.

ఇప్పుడు కాసేపు వాషింగ్టన్ వదిలి మన సంగతి మాట్లాడుకుందాం. బ్యాండు స్నేహాన్ని ఎందుకు అంత ఒత్తిడికి గురిచేస్తుంది? స్నేహంలో లెక్కలు ఉండవు. సినిమాకు ఆలస్యంగా వచ్చినవాణ్ని నాలుగు మాటలని పక్కన కూర్చోబెట్టుకుంటాం. అదే రిహార్సల్‌కు ఆలస్యమైతే మిగతా ముగ్గురూ గంటసేపు వాద్యాలు ఒళ్లో పెట్టుకుని కూర్చోవాలి. డ్రమ్మర్ వేగం పెంచితే పాట మొత్తం అతని వెంట పరుగెత్తాలి. స్నేహితుడి లోపం మామూలుగా అతనిదే. బ్యాండులో అది అందరి చెవిలోనూ మోగుతుంది. నీ స్ట్రింగు శ్రుతి తప్పింది అన్న మాట, నువ్వు సరిపోవు అన్నట్టు వినిపిస్తుంది. పదిహేడేళ్ల వయసులో ఆ రెండింటినీ విడదీసి వినడం చాలా కష్టం.

ఇంకో కారణం ఉంది, ఇది నాకు మరీ ముఖ్యమనిపిస్తుంది. క్రికెట్ జట్టుకు కోచ్ ఉంటాడు. సంగీతం క్లాసులో గురువు ఉంటారు, ఎవరు ముందు పాడాలో ఆయన చెబుతారు. పిల్లలు తమంతట తాము పెట్టుకున్న బ్యాండుకు పైన ఎవరూ ఉండరు. డబ్బు ఎలా వాడాలి, ఎవరి పాట ముందు, ఎవరు తప్పుకోవాలి అన్నవన్నీ సమానులు సమానులతో తేల్చుకోవాలి. మన ఇళ్లలోనూ బళ్లలోనూ ఆ వయసు వాళ్లకు అలాంటి అవకాశం మరెక్కడా ఇవ్వము. మొదటిసారి చేస్తున్న పని కాబట్టి దెబ్బలు తగులుతాయి. తగలాలి కూడా.

చదువు మరో కారణం. నా దగ్గర గిటారు నేర్చుకున్న పిల్లల బృందాలు చాలావరకు ఇంటర్ రెండో ఏడాదిలో ఆగిపోవడం చూశాను. ఒకరు హాస్టల్‌కు వెళతారు, ఒకరికి ప్రవేశ పరీక్షలు, ఒకరిని కోచింగ్ కోసం రాజస్థాన్‌లోని కోటాకు పంపిస్తారు. వెళ్లినవాడి మీద ఎవరికీ కోపం ఉండదు. అందరూ కలిసి కొన్న యాంప్లిఫయర్ ఎవరి ఇంట్లో ఉండాలి అన్న దగ్గర మాటలు ఆగిపోతాయి. మూడేళ్లు కలిసి తిరిగిన వాళ్లు ఒక యాంప్లిఫయర్ దగ్గర ఆగిపోవడం నేను తట్టుకోలేను. అందుకే ఆ ఆరు వందల డాలర్ల గురించి ఇంత గట్టిగా చెబుతున్నాను.

సరిగ్గా ఈ చదువు సమస్యే మైనర్ థ్రెట్‌కూ వచ్చింది. 1980 చివర మెకై, నెల్సన్ కలిసి పెట్టిన రెండో బృందం ఇది. మెకై బేస్ గిటారు వదిలి పాట అందుకున్నాడు. గిటారుకు లైల్ ప్రెస్లర్, బేస్‌కు బ్రయన్ బేకర్ వచ్చారు. బేకర్‌కు అప్పటికి పదిహేనేళ్లు. డిసెంబరులో మొదటి కచేరీ. 1981లో రెండు చిన్న రికార్డులు తెచ్చారు. అమెరికాలో ఈ తరహా సంగీతం వాయించే ప్రతి ఊరికీ వాళ్ల పేరు పాకింది. సరిగ్గా అప్పుడు ప్రెస్లర్ నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో చదువుకోవడానికి వెళ్లిపోయాడు. బృందం ఆగిపోయింది.

మెకై, నెల్సన్ ఊరుకోలేదు. వేరే వాళ్లతో ఇంకో బృందం మొదలుపెట్టారు. దానికి ఒకరు స్క్యూబాల్డ్ అని పేరు పెడదామన్నారు, మరొకరు గ్రాండ్ యూనియన్ అన్నారు. ఇద్దరిలో ఒక్కరూ తగ్గలేదు. ఆ బృందం ఎక్కువ కాలం నిలవలేదు కానీ, పాటలు మాత్రం రికార్డు చేసి ఉంచారు. పదేళ్ల తర్వాత, 1991లో, ఆ రికార్డు విడుదల చేసినప్పుడు అట్ట మీద రెండు పేర్లూ వేశారు. నాకు ఈ సంగతి ఎంతో ఇష్టం. స్నేహితులు ఒకరి మాటకు ఒకరు లొంగి తీరాలన్న నియమం ఎక్కడా లేదు. తేలని తగాదాను తేలనట్టే రాసుకుని కలిసి ముందుకు సాగవచ్చు.

1982 వసంతంలో ప్రెస్లర్ చదువు వదిలి తిరిగొచ్చాడు, మైనర్ థ్రెట్ మళ్లీ మొదలైంది. బేకర్ రెండో గిటారుకు మారాడు, బేస్ వాయించడానికి స్టీవ్ హాన్స్‌జెన్ వచ్చాడు, 1983లో అతను బయటికి వెళ్లాడు. ఒకరికి చోటు చేయబోతే ఇంకొకరి చోటు కదిలిపోతుంది. చిన్న బృందాల్లో ఇది ఎప్పుడూ ఉండే కష్టం.

పాట ఎవరిది అన్న తగాదా కూడా ఇక్కడే వచ్చింది. పాడేవాడు మెకై. అతను మద్యం, సిగరెట్లు ముట్టడు. తన చుట్టూ స్నేహితులు మత్తులో మునిగిపోవడం చూసి, నిమిషం కూడా లేని స్ట్రెయిట్ ఎడ్జ్ అనే పాట రాశాడు. అందులో ఉన్నదల్లా నేను ఇలా ఉంటాను అన్న మాటే. తర్వాత అవుట్ ఆఫ్ స్టెప్ అనే పాటలో తాను చేయని పనులు వరసగా చెప్పాడు. దాన్ని 1983లో అదే పేరుతో తెచ్చిన రికార్డు కోసం మళ్లీ రికార్డు చేసేటప్పుడు నెల్సన్ అడ్డుచెప్పాడు. ఇది నీ ఒక్కడి సంగతి, వినేవాళ్లు మనందరి ఆజ్ఞ అనుకుంటారు, ఆ తేడా తెలియాలి అన్నాడు. ఆ వాదన ఊరికే పోలేదు. కొత్త రికార్డింగులో పాట మధ్యలో మెకై మామూలు గొంతుతో, ఇవి నియమాలు కావు, ఏం చేయాలో నేను మీకు చెప్పడం లేదు అన్న అర్థంలో మాట్లాడడం వినిపిస్తుంది.

నెల్సన్ భయం అక్షరాలా నిజమైంది. దేశంలో చాలా ఊళ్లలో కుర్రాళ్లు స్ట్రెయిట్ ఎడ్జ్‌ను ఒక నిబంధనగా మార్చుకున్నారు, తాగేవాళ్ల మీద చేయి చేసుకున్న గుంపులూ బయల్దేరాయి. మీకు ఇష్టమైన పాట ఒకరిని మీ గుంపు నుంచి గెంటేయడానికి పనికొస్తుంటే, ఆ పాటను మీరు తప్పుగా విన్నారని అర్థం. పాడేవాడి ముందు మైకు ఉంటుంది, అతని ‘నేను’ అందరి ‘మేము’ అయిపోతుంది. వెనక కూర్చున్న డ్రమ్మర్ ఆ సంగతి అడిగాడు చూడండి, అందుకు నేను నెల్సన్‌కు చేతులెత్తి నమస్కరిస్తాను.

వాషింగ్టన్ పిల్లల్లో లోపాలు లేవని అనడం లేదు. వాళ్ల స్నేహం చాలావరకు అబ్బాయిల స్నేహమే. 1981లోనే అమ్మాయిలు చాక్ సర్కిల్ అనే బృందం పెట్టుకుని వాయించారు. అబ్బాయిల బృందాల రికార్డులు వరసగా వచ్చిన ఆ రోజుల్లో వాళ్లకు మాత్రం ఆ తలుపు తెరుచుకోలేదు. అవుట్ ఆఫ్ స్టెప్ అట్ట మీద గుంపును విడిచి గెంతే నల్లగొర్రె బొమ్మ గీసింది సింథియా కానలీ అనే అమ్మాయి. ఆ బొమ్మ అందరికీ గుర్తుంది, ఆమె పేరు మీలో ఎంతమంది విన్నారు? మీ బృందాల్లో పోస్టర్లు గీసే అమ్మాయి ఉంటే, ఆమెకు ఏం వాయించాలని ఉందో కూడా అడగండి.

1983 వేసవికల్లా మైనర్ థ్రెట్‌లో దారులు వేరయ్యాయి. కొందరికి సంగీతం మార్చాలని, ఇంకా పెద్ద వేదికలకు వెళ్లాలని ఉంది. మెకైకి ఆ సంగీతం తనదిగా అనిపించలేదు. రిహార్సళ్లకు రావడం మానేశాడు. ఇందులో ఎవరిదీ తప్పని నేను అనలేను. పద్దెనిమిదేళ్ల బేకర్ కొత్త దారి వెతుక్కోవడం సహజమే. ఇరవై ఒకటో ఏట మెకై వద్దనడమూ సహజమే. సెప్టెంబరు 23న వాషింగ్టన్ లాన్స్‌బర్గ్ భవనంలో చివరి కచేరీ జరిగింది. అదే వేదిక మీద గోగో అనే ఆ ఊరి డ్యాన్సు సంగీతం వాయించే బృందం ట్రబుల్ ఫంక్ కూడా వాయించింది.

మూడు నెలల తర్వాత, డిసెంబరులో, నలుగురూ మళ్లీ ఇన్నర్ ఇయర్ స్టూడియోకు వెళ్లారు. బృందం ముగిసిపోయింది, కలిసి కచేరీ చేసే ఆలోచన ఎవరికీ లేదు. అయినా మిగిలిపోయిన మూడు పాటలు రికార్డు చేశారు. అందులో ఒకటి, గడిచిన రోజులను తలుచుకునే సాలడ్ డేస్. 1985లో ఆ రికార్డు విడుదలైంది. రిహార్సల్ గదిలో ఒకరి ముఖం ఒకరు చూసుకోలేని స్థితికి వచ్చాక కూడా, చేసిన పనిని మధ్యలో వదిలేయకుండా పూర్తి చేయడానికి నలుగురూ వచ్చారు.

దీని పక్కన ఉత్తర ఐర్లాండ్‌లోని డెర్రీ నుంచి వచ్చిన అండర్‌టోన్స్ అనే బృందాన్ని పెట్టి చూడండి. ఒకే చుట్టుపక్కల పెరిగిన ఐదుగురు కుర్రాళ్లు, వాళ్లలో ఇద్దరు అన్నదమ్ములు. 1978లో టీనేజ్ కిక్స్ అనే పాట బెల్‌ఫాస్ట్‌లో రికార్డు చేశారు. బీబీసీ రేడియోలో పాటలు వినిపించే జాన్ పీల్ దాన్ని వెంటవెంటనే రెండుసార్లు వినిపించాడు. ఆ వెంటనే సైర్ రికార్డ్స్ అనే కంపెనీతో ఒప్పందం, పెద్ద పేరు. అయిదేళ్లకు, 1983లో, గాయకుడు ఫియర్గల్ షార్కీ వెళ్లిపోయాడు, బృందం ఆగిపోయింది. 1999లో మిగిలిన నలుగురూ మళ్లీ కలిసి వాయించడం మొదలుపెట్టారు, వేరే గాయకుడితో. షార్కీ తిరిగి రాలేదు. వాళ్ల పాటలు నాకు ప్రాణం. కానీ వాళ్ల ఐదుగురి చేతిలో బ్యాండు తప్ప ఉమ్మడిగా ఇంకేమీ లేదు. వాషింగ్టన్ పిల్లలకు మడిచి అంటించాల్సిన అట్టలు ఉన్నాయి, వేరే స్నేహితుల రికార్డులు తేవాల్సిన బాధ్యత ఉంది. బ్యాండు పోయినా మర్నాడు కలుసుకోవడానికి వాళ్లకు పని ఉంది. నాకు కనిపించే తేడా ఇదే.

మైనర్ థ్రెట్ తర్వాత నలుగురూ నాలుగు దారుల్లో వెళ్లారు. బేకర్ ఇంకా ఎన్నో బృందాల్లో వాయించి 1994లో బ్యాడ్ రెలిజియన్ అనే పంక్ బృందంలో చేరాడు. ప్రెస్లర్ న్యాయశాస్త్రం చదివాడు. మెకై 1987లో ఫుగాజీ అనే బృందం మొదలుపెట్టాడు. తక్కువ టికెట్టు, అన్ని వయసుల వాళ్లకూ ప్రవేశం అన్న పట్టు ఆ బృందం చివరిదాకా వదల్లేదు. నెల్సన్, మెకై డిస్‌కార్డ్‌ను భాగస్వాములుగా నడిపించారు.

1986లో వాళ్లిద్దరూ లండన్‌లో ఉండగా ఒక స్టూడియోలో మరో రెండు పాటలు రికార్డు చేశారు. బృందం పేరు ఎగ్ హంట్. మిగతా ఎవరూ లేరు, మొదట స్కూల్లో కలిసిన ఆ ఇద్దరే. మొదటి పాట పేరు మీ అండ్ యూ. నేను తెచ్చిన రికార్డుల్లో అది కూడా ఉంది. స్పీకర్లు సిద్ధంగా ఉన్నాయంటున్నారు కాబట్టి ముందు టీన్ ఐడిల్స్ ఎనిమిది పాటలూ వినిపిస్తాను, మొత్తం పది నిమిషాలు. ఆ తర్వాత ఇది. ప్రశ్నలు మధ్యలోనే అడగండి, పాట ఆపి మాట్లాడుకుందాం.